కేస్ షీట్‌లో రాయని పని: ఒక గొంతు క్యాన్సర్ కేస్ స్టడీ

తల, మెడ క్యాన్సర్లకు ఆపరేషన్లు చేయడం నా పని. ఈ కేసు రాస్తానంటే రోగి, ఆయన భార్య ఇద్దరూ సరేనన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేశాను. చికిత్స పరంగా ఇందులో అరుదైనదేమీ లేదు. నేను పొరపాటు పడ్డ సందర్భాలు మాత్రం కొన్ని ఉన్నాయి. అవన్నీ కేస్ షీట్‌లోని ఒక్క లైన్ దగ్గర మొదలయ్యాయి కాబట్టి రాస్తున్నాను.

ఆ లైన్ ఇది: "52 ఏళ్ల పురుషుడు, కూలి, పొగ, మద్యం అలవాట్లు ఉన్నాయి." జూనియర్ డాక్టర్ రాశారు. కింద సంతకం నాది.

వచ్చిన రోజు

ఎనిమిది నెలలుగా గొంతు బొంగురు. మూడు నెలలుగా మింగితే నొప్పి, కుడి చెవిలో పోటు. ఆరు వారాలుగా మెడకు కుడివైపు గడ్డ. 58 కిలోల మనిషి 49కి దిగిపోయారు. నాలుగు మెట్లు ఎక్కితే ఊపిరి లోపలికి తీసేటప్పుడు ఈల లాంటి శబ్దం వస్తోంది.

చెవి పోటుకు అంతకుముందు వేరే చోట రెండుసార్లు చుక్కల మందు రాయించుకున్నారు. నేను చూసినప్పుడు చెవి శుభ్రంగా ఉంది. గొంతులో పుట్టిన నొప్పిని వేగస్ నాడి చెవిలో ఉన్నట్టు అనిపించేలా చేస్తుంది. చెవిలో కారణం కనపడకుండా పెద్దవయసు వాళ్లకు, అందులోనూ పొగ తాగే వాళ్లకు చెవి పోటు వస్తే గొంతు చూడాలి. ఆ రెండుసార్లలో ఒక్కసారి చూసినా ఆయనకు రెండు నెలల పైన సమయం మిగిలేది.

నోరు తెరిపించి చూశాను. పై వరసలో ముందు పళ్ల అంచులు అరిగి, పలచబడి, అవతలి వెలుతురు కనిపించేలా ఉన్నాయి. వెనక పళ్లు మాత్రం బాగానే ఉన్నాయి. పళ్లు సరిగా చూసుకోలేదు, దానికి తోడు సిగరెట్లు అనుకుని ముందుకు వెళ్లిపోయాను. ఈ పళ్ల సంగతి మళ్లీ వస్తుంది.

ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి చూస్తే స్వరతంత్రులకు పైభాగంలో పుండు పడ్డ కణితి కనిపించింది. కుడి స్వరతంత్రి కదలడం లేదు. బయాప్సీలో స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే గొంతు లోపలి పొరలో పుట్టే క్యాన్సర్ అని వచ్చింది. సీటీ స్కాన్‌లో కణితి థైరాయిడ్ మృదులాస్థిని తొలుచుకుని బయటకు వచ్చింది. మెడలో గడ్డ 4 సెంటీమీటర్లు. ఊపిరితిత్తులు, ఆహారనాళం బాగానే ఉన్నాయి. కణితి, మెడ గ్రంథులు, వేరే చోట్లకు పాకడం చూసి వేసే మా లెక్కలో టీ4ఏ, ఎన్2ఏ, ఎం0. అంటే నాలుగో దశే, కానీ నయం చేయడానికి ఇంకా వీలున్న దశ.

మృదులాస్థి ఇలా దెబ్బతిన్నాక కీమో, రేడియేషన్లతో స్వరపేటికను నిలబెట్టాలని చూడటం సాధారణంగా మంచిది కాదు. మొత్తం తీసేయాలని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది ఒక్కటే.

"పనికి మళ్లీ ఎప్పుడు వెళ్లొచ్చు సార్?"

ఏం పని అని నేను అప్పుడే అడగాల్సింది. "ముందు ఆపరేషన్ కానివ్వండి, తర్వాత చూద్దాం" అన్నాను.

రెండో రాత్రి

ఆపరేషన్ అనుకున్నట్టే జరిగింది. స్వరపేటిక తీసి, మెడ రెండువైపులా లింఫ్ గ్రంథులు తీసి, శ్వాసనాళాన్ని మెడ ముందు రంధ్రంగా కుట్టాం. రెండో రోజు అర్ధరాత్రి దాటాక ఐసీయూ నుంచి ఫోన్ వచ్చింది. నాడి 128. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. గోడ మీద దేన్నో చూస్తూ ఒంటి మీద నుంచి దులిపేసుకుంటున్నారు. ఆహారం కోసం వేసిన ముక్కు గొట్టం సగం లాగేశారు. నేను వెళ్లేసరికి ఇద్దరు నర్సులు ఆయన చేతులు పట్టుకుని ఉన్నారు. ఆయన నోరు పెద్దగా తెరిచి అరుస్తున్నారు. స్వరపేటిక లేదు కదా, మెడ రంధ్రంలోంచి గాలి చప్పుడు తప్ప ఏమీ రావడం లేదు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే.

రోజూ తాగే మనిషికి మద్యం ఒక్కసారిగా ఆగిపోతే రెండు మూడు రోజులకు ఈ స్థితి రావచ్చు. డెలీరియం ట్రెమెన్స్ అంటాం. ప్రాణం మీదికి వచ్చే జబ్బు ఇది. శాంతపరిచే మందు లోరాజెపామ్ ఇచ్చాం, నరంలోకి థయమిన్ (బి1 విటమిన్) ఎక్కించాం. బాగా తాగి, సరిగా తినక చిక్కిపోయిన మనిషికి థయమిన్ లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది, అందుకే థయమిన్ ముందుగా పడాలి. నాలుగు రోజులకు తేరుకున్నారు.

ఇది ముందే పసిగట్టాల్సింది. మద్యం ఎంత తాగుతారని అడిగినప్పుడు "అప్పుడప్పుడు" అన్నారు, అదే రాసుకున్నాం. కానీ రక్తపరీక్షలో ఎర్రకణాల సగటు పరిమాణం 104, అంటే మామూలు కంటే ఎక్కువ ఉంది, కాలేయ ఎంజైమ్ గామా జీటీ కూడా పెరిగి ఉంది. రెండూ కలిస్తే మొదట అనుమానించాల్సింది రోజువారీ మద్యాన్నే. తిండి సరిగా లేక అనుకుని కాగితం పక్కన పెట్టేశాను.

మర్నాడు ఆయన భార్య ఏడుస్తూ చెప్పారు. "సాయంత్రం 180, పొద్దున పనికి వెళ్లే ముందు 90. అది పడకపోతే చేతులు ఆడవు డాక్టరు గారూ. ఆస్పత్రిలో చెబితే తిట్టి పంపేస్తారు, చెప్పొద్దన్నారు."

40 శాతం ఆల్కహాల్ ఉన్న మద్యం 270 మిల్లీలీటర్లంటే దాదాపు 85 గ్రాముల శుద్ధ ఆల్కహాల్. వారానికి 600 గ్రాములకు దగ్గర. ఇది తెలిసి ఉంటే ఆపరేషన్‌ను నాలుగు రోజులు వెనక్కి జరిపి, మందులతో మద్యం ఆపించి, అప్పుడు తీసుకెళ్లేవాళ్లం.

తిడతారన్న భయం ఉత్తిది కాదు. "తాగి తాగి తెచ్చుకుని ఇప్పుడు మా దగ్గరికొస్తే ఎలా" లాంటి మాటలు ఆస్పత్రి వరండాల్లో నేనూ విన్నాను, విని ఊరుకున్నాను. మంచి బట్టలతో వచ్చిన రోగితో ఆ మాట అనడం మాత్రం ఎప్పుడూ వినలేదు.

తొమ్మిదో రోజు గొంతు కుట్ల దగ్గర చిన్న లీకేజీ వచ్చింది. తిండి లేక బక్కచిక్కిన వాళ్లలో ఈ ముప్పు ఎక్కువ, ఆ పెనుగులాట కూడా మేలు చేసి ఉండదు. మూడు వారాలకు పూడింది. పెథాలజీ రిపోర్టులో అంచులు శుభ్రం, మూడు గ్రంథుల్లో క్యాన్సర్ ఉంది కానీ గ్రంథి పొర దాటలేదు. కాబట్టి కీమో అక్కర్లేదు, రేడియేషన్ సరిపోతుంది: 60 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), 30 సిట్టింగులు. ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు మొదలుపెట్టాల్సిన రేడియేషన్ ఎనిమిదో వారంలో మొదలైంది.

తొట్ల పక్కన 31 ఏళ్లు

రేడియేషన్ మూడో వారంలో స్పీచ్ థెరపిస్ట్ ఒక పలక పట్టుకుని నా గదికి వచ్చారు. ఆయన దాని మీద రాసింది ఇది: "ఆసిడ్ వాసన ఇప్పుడు రావట్లేదు. హాయిగా ఉంది."

స్వరపేటిక తీసేశాక గాలి ముక్కులోంచి వెళ్లదు, వాసన తెలియడం బాగా తగ్గిపోతుంది. దాన్ని నష్టంగానే రోగులకు చెబుతాం. హాయిగా ఉందన్న మనిషిని నేను చూడలేదు. ఆ థెరపిస్ట్ అమ్మాయి చేసిన మంచి పని ఏమిటంటే, "ఏ ఆసిడ్?" అని అడగడం. మేమెవ్వరం అడగని ప్రశ్న.

ఇనుప సామాన్లకు పూత వేసే ముందు వాటిని వేడి సల్ఫ్యూరిక్ ఆమ్లం తొట్లలో ముంచి తుప్పు వదలగొడతారు. ఆయన ముంచి తీసే మనిషి. 21వ ఏట చేరి 31 ఏళ్లుగా అదే షెడ్డు. ఆవిరి లాగే పంకా చాలాకాలంగా పాడైపోయి ఉంది. మూతికి గుడ్డ కట్టుకుంటే అది నెల తిరక్కుండా చిల్లులు పడేది.

గాఢమైన అకర్బన ఆమ్లాల తుంపర, ముఖ్యంగా సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉన్నది, పనిచోట పీల్చేవాళ్లకు స్వరపేటిక క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1992లోనే మొదటి గ్రూపులో పెట్టింది. పొగాకు ఉన్న గ్రూపు అదే. ఆ తుంపర మొదట తగిలేది మాట్లాడేటప్పుడు, ఊపిరి పీల్చేటప్పుడు బయటికి కనిపించే ముందు పళ్లకు. పింగాణీ పొర కరిగి అంచులు పలచబడతాయి. పుస్తకంలో చదివిన గుర్తే ఇది. మొదటి రోజే నా టార్చి వెలుగులో కనిపించినా, కూలి అన్న మాట చదివి ఉన్నాను కాబట్టి పళ్లు తోముకోని మనిషిని చూశాను.

తర్వాత పలక మీద, సైగలతో, భార్య సాయంతో మిగతాది రాబట్టాం. మొదటి సిగరెట్ 14వ ఏట. అప్పటినుంచి రోజుకు 15. మద్యం ఈ పనిలో చేరాకే. సాయంత్రానికి గొంతు మండేది, రెండు గుక్కలు పడితే ఆ మంట తెలిసేది కాదు. గొంతు బొంగురుపోయినప్పుడు డాక్టర్‌కు ఎందుకు చూపించుకోలేదంటే ఆయన రాసిన జవాబు: "షెడ్డులో అందరి గొంతూ అంతే."

మూడు వారాలు దాటిన బొంగురు గొంతును నిర్లక్ష్యం చేయొద్దని మేం పోస్టర్లు అతికిస్తాం. తన చుట్టూ పనిచేసే అందరి గొంతూ అలాగే ఉన్న మనిషికి ఆ పోస్టర్ ఏం చెబుతుంది?

అదే నెలలో వచ్చిన ఇంకొకరు

58 ఏళ్లు, పెద్ద ఆఫీసులో మేనేజర్. గొంతు బొంగురుపోయి నాలుగు వారాలు. మీటింగుల్లో మాట్లాడేటప్పుడు పక్కవాళ్లు గుర్తుచేసి పంపారు. 21వ ఏట నుంచి రోజుకు ఒక పెట్టె, అంటే 20 సిగరెట్లు. వారంలో రెండు సాయంత్రాలు 120 మిల్లీలీటర్ల చొప్పున విస్కీ, లెక్కవేస్తే వారానికి సుమారు 76 గ్రాముల ఆల్కహాల్. స్వరతంత్రి మీదే చిన్న కణితి, టీ1, మెడలో ఏమీ లేదు. 63 గ్రే రేడియేషన్, 28 సిట్టింగులు. గొంతు నిలిచింది. ఇప్పుడు ఫోన్‌లో మాట్లాడితే తేడా చెప్పలేరు.

పొగ లెక్క చూడండి. రోజుకు ఎన్ని పెట్టెలు, ఎన్నేళ్లు అని గుణిస్తే ప్యాక్ ఇయర్స్ వస్తాయి. మేనేజర్ గారివి 37. తొట్ల దగ్గర పనిచేసిన ఆయనవి 28.5. ఎక్కువ పొగ తాగిన మనిషికి తక్కువ జబ్బు దొరికింది.

ఇందులో కొంత శరీర నిర్మాణం వల్లే. స్వరతంత్రి మీద గింజంత కణితి వచ్చినా గొంతు మారుతుంది, అక్కడ లింఫ్ నాళాలు తక్కువ కాబట్టి మెడకు త్వరగా పాకదు. దానికి పైభాగంలో మొదలైన కణితి చాలాకాలం చప్పుడు చేయదు, మెడ గ్రంథులకు తొందరగా చేరుతుంది. ఈ తేడాను పేదరికం ఖాతాలో వేయకూడదు. అయితే కణితి పైభాగంలో రావడానికి మద్యం పాత్ర ఎక్కువ. స్వరతంత్రి క్యాన్సర్‌లో పొగదే పెద్ద చేయి. ఇద్దరి కణితులూ ఎక్కడ వచ్చాయన్నది కూడా వాళ్లు తాగిన తీరుకు సరిపోతోంది.

పొగ, మద్యం కలిస్తే

సిగరెట్ పొగలో 7000కు పైగా రసాయనాలు ఉంటాయి, వాటిలో 70 దాకా క్యాన్సర్ కారకాలు. బెంజోపైరీన్ లాంటివి డీఎన్‌ఏకు అతుక్కుని రాత మార్చేస్తాయి. ఆల్కహాల్ శరీరంలో అసిటాల్డిహైడ్‌గా మారుతుంది, అది కూడా డీఎన్‌ఏను పాడుచేస్తుంది. ఈ మార్పు కాలేయంలోనే జరుగుతుందని చాలామంది అనుకుంటారు. నోట్లోని బ్యాక్టీరియా కూడా ఆ పని చేస్తుంది, పొగ తాగేవాళ్ల నోట్లో మరీ ఎక్కువగా. పైగా ఆల్కహాల్ గొంతు లోపలి పొరను వదులు చేసి పొగలోని విషాలు లోతుకు దిగేలా చేస్తుంది. అందుకే రెండింటి ముప్పు కూడికలా పెరగదు. ఒకటి రెట్టింపు, ఇంకొకటి మూడు రెట్లు చేస్తే కలిపి ఐదు రెట్లు అనుకోవడం తప్పు, ఆరు రెట్లకో ఇంకా పైకో పోతుంది. 1988లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో రోజుకు రెండు పెట్టెలు, దాంతోపాటు నాలుగు డ్రింకులు దాటి తాగేవాళ్లకు నోరు, గ్రసని (నోటి వెనక గొంతు భాగం) క్యాన్సర్ల ముప్పు, రెండూ ముట్టనివాళ్లతో పోలిస్తే 35 రెట్లకు పైగా ఉంది.

మరి డబ్బు, చదువుల తేడా, అంటే వర్గం సంగతి? ఆ ముప్పంతా అలవాట్ల ద్వారానే వస్తుందని నేను చాలా ఏళ్లు నమ్మాను. పేదవాళ్లు ఎక్కువ తాగుతారు, కాబట్టి ఎక్కువ క్యాన్సర్లు, అంతే అనుకునేవాణ్ని. 27 దేశాల నుంచి 31 అధ్యయనాలను కలిపి 2015లో ప్రచురించిన విశ్లేషణ ఆ నమ్మకాన్ని కదిపింది. తక్కువ చదువుకున్నవాళ్లకు తల, మెడ క్యాన్సర్ల ముప్పు రెండున్నర రెట్లు ఉంది. పొగ, మద్యం తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ అదనపు ముప్పులో దాదాపు మూడో వంతు మిగిలిపోయింది. రెండూ ఎరగని వాళ్లలోనూ తేడా కనిపించింది. ఆ మూడో వంతు ఎక్కడుందో ఒక్క కేసుతో చెప్పలేను. నా రోగి విషయంలో మాత్రం కొంత ఆ తొట్లలో ఉంది. పనిచోటికీ క్యాన్సర్‌కూ ముడి కొత్తది కూడా కాదు. 1775లో పెర్సివల్ పాట్ అనే లండన్ సర్జన్, చిమ్నీలు ఊడ్చే వాళ్లకు వృషణాల సంచి మీద వచ్చే క్యాన్సర్‌కు మసి కారణమని రాశాడు. ఊడ్చే వాళ్లు చిన్నప్పుడే ఆ పనిలో పడ్డ పేద పిల్లలు.

దీన్ని తలకిందులుగా అర్థం చేసుకునే ప్రమాదం కూడా ఉంది, అది నాకు బాగా టెన్షన్ పెట్టే విషయం. "అసలు కారణం పేదరికం, సిగరెట్ కాదు" అని ఎవరైనా అనుకుంటే మనుషులు చనిపోతారు. స్కాట్లాండ్‌లో రెన్‌ఫ్రూ, పెయిస్లీ పట్టణాల వాళ్లను 28 ఏళ్లు గమనించి 2009లో ఫలితాలు ఇచ్చారు. సిగరెట్ తాగే పై వర్గాల వాళ్ల కంటే ఎప్పుడూ తాగని అట్టడుగు వర్గాల వాళ్లు ఎక్కువకాలం బతికారు. డబ్బు, చదువు, మంచి ఇల్లు కలిసినా సిగరెట్ చేసే నష్టాన్ని పూడ్చలేకపోయాయి. బ్రిటిష్ డాక్టర్ల మీద 1951లో మొదలైన అధ్యయనం చెప్పిందీ అదే. అందరూ డాక్టర్లే, అయినా మానకుండా తాగినవాళ్లు సగటున పదేళ్లు ముందు పోయారు. 60వ ఏట మానినవాళ్లకు అందులో మూడేళ్లు, 50లో ఆరేళ్లు, 40లో తొమ్మిదేళ్లు తిరిగి వచ్చాయి.

మానేయడం దగ్గర మళ్లీ వర్గం అడ్డుపడుతుంది. బ్రిటన్ లాంటి చోట్ల కనిపించింది ఏమిటంటే, పేదవాళ్లు మానే ప్రయత్నాలు తక్కువేమీ చేయరు, గెలిచేది మాత్రం తక్కువ. నా రోగి మూడుసార్లు మానారట. ఒకసారి ఏడు వారాలు. షెడ్డులో సిగరెట్ తాగేవాళ్లకు మాత్రమే మధ్యలో పది నిమిషాలు బయటికి వెళ్లనిచ్చేవాళ్లు. మానేస్తే ఆ పది నిమిషాల గాలి కూడా పోయింది. ఈ సంగతి తెలియకుండా "మీకు మనోబలం ఉండాలి" అని చెప్పే డాక్టర్ మాటకు ఆయన దగ్గర ఏం విలువ ఉంటుంది? ఇది చదివే డాక్టర్లు దయచేసి సిగరెట్ మాన్పించే నికోటిన్ ప్యాచ్, వరెనిక్లిన్ మాత్రలు రాసే చీటీని క్యాన్సర్ మందుల చీటీతో పాటే రాయండి. రేడియేషన్ జరుగుతుండగా పొగ తాగేవాళ్లలో చికిత్స సరిగా పనిచేయదని 1990ల నుంచీ తెలుసు. మాన్పించడం మన చికిత్సలో భాగమే.

ఆ తర్వాత

ఆయనకు రేడియేషన్ పూర్తయింది, ఒక్క సిట్టింగూ తప్పలేదు. శ్వాసనాళానికీ ఆహారనాళానికీ మధ్య చిన్న వాల్వ్ పెట్టాం. మెడ రంధ్రాన్ని వేలితో మూసి మాట్లాడతారు. సిగరెట్ లేదు. మద్యం రెండుసార్లు మళ్లీ మొదలైంది, రెండుసార్లూ భార్యతో కలిసి వచ్చి చెప్పారు. ఎవరూ తిట్టలేదు. ఆసిడ్ షెడ్డుకు వెళ్లడం కుదరదు, మెడ రంధ్రంతో ఆ గాలి పీలిస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకే. ఆదాయం సగానికి పైగా పడిపోయింది. పని వల్ల వచ్చిన జబ్బుగా నమోదు చేయమని నేను రాసిన ఉత్తరానికి యజమాని నుంచి వచ్చిన జవాబులో ఒక్క వాక్యం ఉంది: రోగికి పొగ, మద్యం అలవాట్లు ఉన్నట్టు ఆస్పత్రి రికార్డే చెబుతోంది. అది నేను సంతకం పెట్టిన లైనే. మళ్లీ రాశాను, ఈసారి 31 ఏళ్ల పని చరిత్ర, పళ్ల ఫొటోలు జతచేసి. ఇంకా తేలలేదు.

మా కేస్ షీట్‌లో "వృత్తి" అన్న గడి తీసేశాం. దాని బదులు నాలుగు ప్రశ్నలు పెట్టాం: చేతులతో చేసే పని ఏమిటి, అక్కడ ఏం పీలుస్తారు, ఎన్నేళ్లుగా, పక్కన పనిచేసేవాళ్లకు ఇలాంటి ఇబ్బంది ఉందా. మద్యం గురించి తాగుతారా అని అడగడం మానేసి, నిన్న ఎంత, మొన్న ఎంత, పొద్దున కూడా పడుతుందా అని అడుగుతున్నాం. ఐదు నిమిషాలు ఎక్కువ పడుతోంది.

26వ నెల చెకప్‌కు ఆయన ఒక కుర్రాణ్ని వెంటబెట్టుకుని వచ్చారు. 24 ఏళ్లు, అదే షెడ్డు, నాలుగేళ్ల పని. గొంతు రెండు నెలలుగా బొంగురట. నేను కెమెరా గొట్టం అందుకోబోతుంటే ఆయన మెడ మీద వేలు పెట్టి, ఆ గరగర గొంతుతో అన్నారు.

"ముందు పళ్లు చూడండి సార్."

చూశాను. అంచులు అప్పుడే పలచబడటం మొదలైంది. గొంతులో కణితి లేదు. స్వరతంత్రులు రెండూ బాగా కదులుతున్నాయి, ఎర్రగా వాచి ఉన్నాయి. రోజుకు ఎనిమిది సిగరెట్లు, మద్యం లేదు. ప్యాచ్ రాశాను, ఆరు వారాలకు మళ్లీ రమ్మన్నాను, పని చరిత్ర గడులన్నీ నా చేత్తో నింపాను.